ఫిజియో వాళ్లకి ఫార్మకాలజీ ఎందుకు? గోలీ పేరు చెప్పి తిట్లు తిన్న

మోకాలిచిప్ప (బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, రెండో ఏడు, వరంగల్)
రాత్రి 9:40

అన్నలూ అక్కలూ, ఇంకో మూడు వారాలల్ల ఫార్మకాలజీ, అదే మందుల శాస్త్రం, పరీక్ష. చదువుతున్న గానీ బుర్రకు ఎక్కుతలేదు. మనం మందులు రాయం కదా, ఈ హాఫ్ లైఫ్‌లు, షెడ్యూళ్లు మనకెందుకు అని ఇన్ని రోజులు అనుకున్న. నిన్న ఒకటైంది. ఓపీడీల మోకాళ్ల నొప్పితోని ఒక పెద్దమ్మ వచ్చింది. షార్ట్‌వేవ్ (మిషన్‌తోని వేడి పెట్టుడు) అయిపోయినంక "బిడ్డా, నొప్పికి ఏదన్న గోలీ పేరు చెప్పు, షాపుల కొనుక్కుంట" అన్నది. నేను పెద్ద డాక్టర్ లెక్క డైక్లోఫెనాక్ గోలీ, దాంతోపాటు జెల్ అని కాగితం ముక్క మీద రాసిచ్చిన. మా సార్ వెనకనే నిలబడ్డడు. "ఆమె ఏం బీపీ గోలీ ఏసుకుంటదో అడిగినవా? కిడ్నీ రిపోర్ట్ చూసినవా?" అని అందరి ముందల అరుసుకుని కాగితం చింపేసిండు.

నా డౌట్ ఏందంటే, గోలీ చెప్పుడు తప్పయితే జెల్ చెప్పుడు కూడా తప్పేనా? షాపుల అడిగితే రెండూ ఇస్తరు కదా. బీపీ గోలీకి, నొప్పి గోలీకి సంబంధం ఏంది? పుస్తకం భాషల గాదు, మామూలుగ చెప్పండి.

ఇంటర్నీ_కర్నూలు
రాత్రి 9:52

కాగితం చింపినాడంటే నీ మీద ప్రేమ ఉన్నట్టే తమ్ముడూ. మా సార్ అయితే దాచిపెట్టి వైవాలో తీసినాడు.

మందులషాపు_బావ (ఫార్మసిస్ట్, కరీంనగర్)
రాత్రి 10:15

"షాపుల ఇస్తరు కదా" అన్నవు సూడు తమ్మీ, గక్కడ్నే నాకు కాలింది. ఇచ్చేటోళ్లు ఇస్తరు. ఇయ్యొచ్చునా అన్నది వేరే ముచ్చట.

ఇంట్ల ఉన్న డైక్లోఫెనాక్ స్ట్రిప్పు తీసి వెనక్కి తిప్పు. షెడ్యూల్ హెచ్ అని, రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ లేకుండ అమ్మొద్దని ఇంగ్లిష్‌ల చిన్న అక్షరాలతోని ఉంటది. 1940 డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద 1945ల వచ్చిన రూల్స్, ఇవే మా షాపుకు భగవద్గీత. ఇబుప్రొఫెన్ గూడ హెచ్‌ల్నే ఉంది. పారాసిటమాల్ లేదు. అసలు జనాభా వెయ్యి దాటని ఊళ్లె అయితే, కొన్ని షరతుల మీద, లైసెన్స్ లేని కిరాణం కొట్టోడు గూడ పారాసిటమాల్ అమ్ముకోవచ్చని షెడ్యూల్ కె చెప్తది.

జెల్ సంగతి. షెడ్యూల్ హెచ్ కింద ఒక నోట్ ఉంటది: పైపూతగ వాడే మందులకు ఇది వర్తించదు, కంట్ల, చెవిల, ముక్కుల వేసేటివి తప్ప అని. అందుకే డైక్లోఫెనాక్ గోలీకి చీటీ కావాలె, అదే డైక్లోఫెనాక్ జెల్‌కు అక్కర్లేదు. పైపూతలల్ల గూడ స్టెరాయిడ్ క్రీములకు ఆ సడలింపు 2018ల తీసేసిండ్రు. తెల్లగైతం అని మొహాలకు రాసుకుని చర్మం కరాబు చేసుకున్నోళ్లను నేనే మస్తుమందిని చూసిన.

ఇంకో తమాష. మన దిక్కు "ఆర్ఎంపీ" అంటే ఊళ్లె సూది ఏసేటాయన. చట్టంల ఆర్ఎంపీ అంటే మెడికల్ రిజిస్టర్‌ల పేరున్న డాక్టర్. అక్షరాలు అవే, మనిషే వేరు. "చీటీ ఏది?" అంటే "ఆర్ఎంపీ చెప్పిండు" అని గర్వంగ అంటరు. నేనేం జేయాలె!

కొత్తబోర్డు_క్లినిక్
రాత్రి 10:31

థియరీ బాగుంది గానీ ప్రాక్టీస్‌లోకి వచ్చాక మాట్లాడండి. రోజుకి ముప్పై మంది వస్తారు. సగం మంది "మందు ఏమీ ఇవ్వరా?" అని మొహం మాడ్చుకుంటారు. ఎసిక్లోఫెనాక్ నొప్పి మాత్ర అయిదు రోజులు రాస్తే ఎవరికీ ఏమీ కాలేదు నాకు తెలిసి.

ఫిజియో_గుంటూరు (22 ఏళ్ల ప్రాక్టీసు)
రాత్రి 10:58

"నాకు తెలిసి" అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉందండీ. కిడ్నీ దెబ్బతిన్న పేషెంటు తిరిగి ఫిజియో దగ్గరికి రాడు, కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళతాడు. మనకి తెలిసేదెట్లా?

వరంగల్ తమ్ముడూ, మీ సారు బీపీ మాత్ర గురించి ఎందుకు అడిగారో చెబుతాను. మన దగ్గర పెద్దవాళ్ల మందుల సంచీలో టెల్మా హెచ్ లాంటివి చాలా కనబడతాయి. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. కిడ్నీలో వడపోత జరగాలంటే రక్తం ఒత్తిడితో లోపలికి రావాలి. లోపలికి తెచ్చే సన్న నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. బయటికి పంపే నాళాన్ని బిగించి ఒత్తిడి నిలబెట్టేది యాంజియోటెన్సిన్. నొప్పి మాత్ర మొదటిదాన్ని మూస్తుంది, టెల్మిసార్టాన్ రెండోదాన్ని వదులు చేస్తుంది, మూత్రం మాత్ర ఒంట్లో నీళ్లే తగ్గిస్తుంది. పొలంలో తూము సగం మూసి, కింద గట్టు తెగ్గొట్టి, పైన కాలవలో నీళ్లు తగ్గించినట్టు. ఇక మడిలో నీళ్లేం నిలుస్తాయి? మే నెల ఎండలో, నీళ్లు తక్కువ తాగే పెద్దావిడకి ఈ మూడూ కలిస్తే కిడ్నీ పాడవడానికి ఎక్కువ రోజులు పట్టదు. దీనికి ట్రిపుల్ వామీ, అంటే మూడు దెబ్బలు, అని ముద్దుపేరు. పైగా నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పూ నీళ్లూ ఆపి బీపీని పెంచుతాయి కూడా. బీపీ మాత్ర మింగుతూనే దానికి ఎదురు మాత్ర మింగుతున్నట్టు.

జెల్ మాటకొస్తే, రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే చాలా తక్కువ కాబట్టి చట్టమూ వదిలేసింది, మనకీ కొంత నయం. అయినా ఆస్పిరిన్‌కి ఆయాసం వచ్చే మనిషా, చర్మం మీద పుండు ఉందా అని అడగాలి. జెల్ రాసి దాని మీద హాట్ ప్యాక్ పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

మోకాలిచిప్ప
రాత్రి 11:10

తూము, గట్టు అనంగనే ఎక్కింది అన్నా. మా నాయిన రోజూ చేసే పనే అది. ఇప్పుడు హాఫ్ లైఫ్ గురించి ఎవరన్న గిట్లనే చెప్పరాదుండ్రి.

ఫార్మకాలజీ_మేడం
ఉదయం 6:20

నాకు నిద్ర తొందరగా లేచే జబ్బుంది, అందుకని నేను చెబుతాను.

ముందు ఫస్ట్ పాస్ అర్థం చేసుకో. కొండ ఎక్కే ప్రతి బండీ అలిపిరి దగ్గర ఆగి తనిఖీ చేయించుకోవాలి కదా. పేగుల నుంచి బయల్దేరిన మందుకి లివర్ అలిపిరి లాంటిది. ఒంట్లోకి వెళ్లేలోపే అక్కడ కొంత సరుకు దింపేస్తారు. ప్రొప్రనొలాల్ అనే బీపీ మందు మింగితే అందులో సుమారు నాలుగో వంతే రక్తానికి అందుతుంది. గుండెనొప్పి మాత్ర సార్బిట్రేట్ నాలుక కింద పెట్టుకోమనేది ఇందుకే. నాలుక కింది రక్తనాళాలు అలిపిరి దారిలో లేవు, నేరుగా గుండెకి చేరతాయి. గుండె పేషెంట్లతో వ్యాయామం చేయించే ముందు సార్బిట్రేట్ జేబులో ఉందా అని అడగండి, ఇంట్లో బీరువాలో ఉంటే లాభం లేదు. వేసుకున్నాక కూర్చోబెట్టండి. నిలబడితే బీపీ పడి మనిషి పడతాడు.

హాఫ్ లైఫ్ అంటే రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే కాలం. పిల్లలు ఏటా చేసే తప్పు, దాన్ని "మందు పనిచేసే కాలం" అని రాయడం. రెండూ ఒకటి కావు. సగం, సగంలో సగం, దానిలో సగం అని పోతే నాలుగు హాఫ్ లైఫ్‌లకి సుమారు 94 శాతం, అయిదుకి 97 శాతం ఖాళీ. నిండటానికీ అదే లెక్క. నేప్రోక్సెన్ అనే నొప్పి మాత్ర హాఫ్ లైఫ్ దగ్గర దగ్గర 14 గంటలు. అంటే రోజూ వేసుకునేవాళ్లకి రక్తంలో మట్టం నిలకడకి రావడానికి రెండున్నర, మూడు రోజులు పడుతుంది. "నిన్న మొదలుపెట్టాను, తగ్గలేదు" అని పేషెంటు మీ దగ్గర గొణిగితే లోపం మందుది కాకపోవచ్చు.

ఇంటర్నీ_కర్నూలు
ఉదయం 7:05

మేడం, డైక్లోఫెనాక్ హాఫ్ లైఫ్ రెండు గంటలే కదా. మరి పూటకొకటి చొప్పున రోజుకి రెండే ఎట్లా సరిపోతాయి?

ఫార్మకాలజీ_మేడం
ఉదయం 7:18

మంచి ప్రశ్న. రక్తంలోంచి తొందరగానే పోతుంది, కీలు లోపలి ద్రవంలోంచి నిదానంగా పోతుంది. మనకి పని కావాల్సింది కీల్లోనే. హాఫ్ లైఫ్ వేరు, పనిచేసే కాలం వేరు అని పైన చెప్పింది ఇందుకే.

ఫిజియో_గుంటూరు
ఉదయం 8:40

మేడం గారి మాటకి తోకగా నా అనుభవం ఒకటి. పార్కిన్సన్స్ ఉన్న ఒక రిటైర్డ్ మాస్టారు రోజూ పదకొండున్నరకి వచ్చేవారు. తలుపు గుమ్మం దగ్గర కాళ్లు నేలకి అతుక్కుపోయేవి. రెండు వారాలు నడక నేర్పాను, ముందుకి కదల్లేదు. నా చేతగానితనం అనుకున్నాను. ఒకరోజు వాళ్ల అమ్మాయి వచ్చి, "నాన్నగారు మాత్ర ఏడింటికి వేసుకుంటారండీ, మళ్లీ పన్నెండింటికి" అంది. ఆ మాత్ర లెవోడోపా, దాని హాఫ్ లైఫ్ గంటన్నర. నేను ఆయన్ని రోజూ మందు అడుగంటిన వేళకి పిలిపిస్తున్నాను! ఎనిమిదింటికి మార్చాను. అదే మనిషి, అవే వ్యాయామాలు, గుమ్మం దాటేశారు. మాత్ర ఒక్కటీ మార్చలేదండీ, మార్చే హక్కు నాకు లేదు కూడా. నా టైమ్ మార్చుకున్నాను, అంతే. ఇంకో సంగతి, లెవోడోపాని పప్పు, గుడ్డు దండిగా ఉన్న టిఫిన్‌తో కలిపి వేసుకుంటే పేగుల్లోనే పోటీ పడి తక్కువ ఎక్కుతుంది.

హాఫ్ లైఫ్‌తో ఫిజియోకి ఏం పని అని ఎవరైనా అడిగితే నాకు ఆ గుమ్మమే గుర్తొస్తుంది.

డాలస్_డీపీటీ
ఉదయం 9:55

ఇక్కడ అమెరికాలో డీపీటీలో, అంటే ఫిజియోథెరపీ డాక్టరేట్‌లో, మాకు ఫార్మకాలజీ ఒక పూర్తి కోర్సు. ఎగ్జామ్ కోసం కాదు గానీ క్లినిక్‌లో వాడినవి రెండు మూడు చెప్తా. మెటోప్రొలాల్, అటెనొలాల్ వాడేవాళ్లకి గరిష్ఠ హార్ట్ రేట్ కోసం 220 లోంచి వయసు తీసేసే లెక్క పెట్టి "ఇంకా హార్ట్ రేట్ రాలేదు, ఇంకా నడవండి" అనకండి. ఆ మందు పనే రేట్ పెరగనివ్వకపోవడం. బోర్గ్ స్కేల్ పెట్టండి, ఎంత కష్టంగా ఉందో పేషెంటే 6 నుంచి 20 వరకు అంకెలో చెప్పేది, 11 నుంచి 13 మధ్య ఉంచండి. అదే మనిషికి షుగర్ కూడా ఉండి లో అయితే గుండె దడ కనబడదు, చెమట మాత్రం పడుతుంది. చెమట చూసి "బాగా కష్టపడుతున్నారు" అని మెచ్చుకుంటే అయిపోయినట్టే.

ఇన్సులిన్ తొడకి తీసుకుని వెంటనే సైకిల్ తొక్కితే మందు తొందరగా లాక్కుంటుంది. ఫెంటనిల్ (గట్టి నొప్పి మందు) ప్యాచ్ ఉన్నచోట హాట్ ప్యాక్ పెడితే ఒకేసారి ఎక్కువ మందు ఎక్కి ఊపిరి మందగించవచ్చు. మా ఇన్‌స్ట్రక్టర్ ఇది చెప్పేటప్పుడు గొంతు మారుతుంది, ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు.

ఒక కన్ఫ్యూజన్: ఇక్కడ షెడ్యూల్ అంటే 1 నుంచి 5 వరకు మత్తు ప్రమాదాన్ని బట్టి. నొప్పి మందు ట్రమడాల్ 4లో ఉంది. ఇండియాలో హెచ్, ఎక్స్ అలాగేనా?

మందులషాపు_బావ
ఉదయం 11:30

కాదు బ్రదర్. మన షెడ్యూళ్లు మెట్లు గావు, 1945 రూల్స్ వెనకాల కుట్టిన అట్టలు. షెడ్యూల్ ఎం అంటే ఫ్యాక్టరీ ఎట్లుండాలె అన్న నియమాలు, దానికి మా షాపుతోని సంబంధమే లేదు. క్లినికల్ ట్రయల్స్‌కు షెడ్యూల్ వై ఉండె, 2019ల కొత్త రూల్స్ వచ్చి దాని జాగ తీసుకున్నయి. పరీక్షల పాతది రాయకు తమ్మీ.

అమ్మకం దగ్గర మాకు గుర్తుండేటివి హెచ్, హెచ్1, ఎక్స్. హెచ్1 2014 మార్చి 1 నుంచి అమలైంది, మొదట 46 మందులు. గట్టి యాంటీబయాటిక్స్, టీబీ మందులు, డయజిపామ్, ఆల్ప్రజోలామ్, ట్రమడాల్ అందులయే. అమ్మితే రిజిస్టర్‌ల పేషెంటు పేరు, రాసిన డాక్టర్ పేరు, ఎన్ని ఇచ్చినం అన్నది ఎక్కించి మూడేండ్లు దాచాలె. ఎక్స్‌కయితే చీటీ రెండు కాపీలు, ఒకటి మా దగ్గర రెండేండ్లు. మత్తు ఇచ్చే కెటమైన్ ఎక్స్‌ల ఉంటది. ట్రమడాల్‌ను 2018ల మత్తుమందుల చట్టం కిందికి గూడ తెచ్చిండ్రు.

లైసెన్స్ ఇచ్చేది, షాపులకు తనిఖీకి వచ్చేది రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ. కొత్త మందుకు అనుమతి, దిగుమతి, ట్రయల్స్ మాత్రం ఢిల్లీల కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ చూస్తది.

కొత్తబోర్డు_క్లినిక్
మధ్యాహ్నం 1:12

సరే, నేనే తప్పు. కానీ ఒకటి చెప్పండి, బయట దేశాల్లో ఫిజియోలు మందులు రాస్తున్నారుగా? మనం తక్కువా?

లీడ్స్_ఫిజియో
మధ్యాహ్నం 3:47

నేను రాస్తాను అన్నయ్యా, అందుకే చెబుతున్నా. ఇక్కడ బ్రిటన్‌లో 2013లో చట్టం మారి ఫిజియోలకి స్వతంత్రంగా రాసే వీలొచ్చింది. కానీ డిగ్రీ చేతికి రాగానే రాయడం కుదరదు. కొన్నేళ్ల అనుభవం ఉండాలి, విడిగా ప్రిస్క్రైబింగ్ కోర్సు చదవాలి, ఒక సీనియర్ కింద గంటలు లెక్కపెట్టి ప్రాక్టీస్ చేయాలి, ఆ తర్వాత రిజిస్టర్‌లో నా పేరు పక్కన ఆ గుర్తు పడింది. నా పరిధి దాటి రాయకూడదు. కంట్రోల్డ్ డ్రగ్స్‌లో, అంటే మత్తుకి అలవాటు పడే ప్రమాదం ఉన్నవాటిలో, అయితే ఏడే ఏడు. నా టీమ్‌లో ఎనిమిది మందిమి, రాసేది ఇద్దరం. మిగతా ఆరుగురూ తక్కువవాళ్లేమీ కాదు.

నిజం చెప్పనా, కోర్సు చేశాక నేను కొత్తగా రాసిన మందుల కన్నా "ఇది ఆపడం గురించి జీపీని (మీ మామూలు డాక్టర్‌ని) అడగండి" అని పంపినవే ఎక్కువ.

ఫార్మకాలజీ_మేడం
సాయంత్రం 4:30

మన దగ్గర 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం వచ్చింది, ఫిజియోథెరపీ అందులో ఉంది. అది మందులు రాసే హక్కు ఇవ్వలేదు. ఎక్కువ తక్కువల గొడవగా చూడకండి, ఈ నియమాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే ఇన్ఫెక్షన్ మందుని సిరప్‌గా చేయడానికి డైఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనంలో కరిగించారు. రుచి చూశారు, వాసన చూశారు, విషమా కాదా చూడలేదు. వంద మందికి పైగా పోయారు. 1938 చట్టం ఆ శవాల మీదే పుట్టింది. మన 1940 చట్టానికి మూలం అంతకుముందు చోప్రా కమిటీ ఇచ్చిన రిపోర్టు, కల్తీ మందుల మీద. అయినా 1986లో ముంబయిలో అదే డైఇథిలీన్ గ్లైకాల్ గ్లిసరిన్‌లో కలిసి 14 మంది చనిపోయారు. గర్భిణులు మింగితే బిడ్డలు చేతులు కాళ్లు సరిగా లేకుండా పుట్టిన థాలిడమైడ్ కథ మీ పుస్తకంలో ఎలాగూ ఉంటుంది.

మీ నొప్పి మాత్రలకే వస్తే, 2024 ఆగస్టులో కేంద్రం నిషేధించిన 156 కాంబినేషన్లలో ఎసిక్లోఫెనాక్ 50, పారాసిటమాల్ 125 కలిపినది ఉంది. చాలామంది పొరపాటు పడి ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ జంట మొత్తం పోయింది అనుకున్నారు. కాదు, ఆ మోతాదుల జంట పోయింది.

పాలకొల్లు_ఫిజియో
రాత్రి 8:05

అందరూ మాత్రల గురించే మాట్లాడుతున్నారు, పొట్లాల సంగతి ఎవరూ ఎత్తలేదేంటండీ? మా వైపు కీళ్లవాతానికి చూర్ణం అని పొట్లం కట్టి ఇస్తుంటారు. ఒకావిడ రెండేళ్లు వాడింది. నా దగ్గరికి వచ్చేసరికి మొహం పున్నమి చంద్రుడిలా గుండ్రంగా ఉంది, చేతుల మీద చర్మం ఉల్లిపొర, కుర్చీలోంచి లేవలేకపోతోంది. తొడ కండలు కరిగిపోయాయి. ఆకులో అలములో అని చెప్పారట. నాకు అనుమానం వచ్చింది గానీ ఒక తప్పు చేశాను, "ముందు ఆ పొట్లం మానేయండమ్మా" అన్నాను. నాలుగో రోజున వాంతులు, బీపీ పడిపోయి ఆస్పత్రిలో చేర్చారు. అక్కడ తేలింది, అందులో స్టెరాయిడ్ ఉంది. ఒళ్లు సొంతంగా కార్టిసాల్, అంటే తన సొంత స్టెరాయిడ్, చేయడం మానేసి ఉంటే, పైనుంచి ఇచ్చేది ఒక్కసారి ఆపకూడదు, మెల్లగా దించాలి. బతికింది. నేను ఇప్పటికీ "మానేయండి" అనే మాట నోట్లోంచి రానివ్వను. "పొట్లంతో సహా డాక్టర్ దగ్గరికి పదండి" అంటాను.

అలాంటివాళ్ల వెన్ను మీద గట్టిగా మానిప్యులేషన్ (చేత్తో నొక్కి విరవడం) చేయకండి, ఎముక డొల్లగా ఉంటుంది.

ఫార్మకాలజీ_మేడం
రాత్రి 8:26

ఒప్పుకుని చెప్పారు, చాలా సంతోషం. అందరికీ ఒక మాట: మందు వల్ల చెడు జరిగిందన్న అనుమానం ఉంటే ఫిజియోలు కూడా రిపోర్ట్ చేయొచ్చు. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే ఫార్మకోవిజిలెన్స్ (మందుల చెడు ప్రభావాల మీద నిఘా) కార్యక్రమానికి 1800-180-3024 నంబరు ఉంది. రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు. లెవోఫ్లాక్సాసిన్ యాంటీబయాటిక్ వేసుకున్న మనిషికి మడమ వెనక నరం నొప్పి మొదలైతే ముందు కనిపెట్టేది మీరే. అప్పుడు హీల్ రైజ్‌లు (మడమలు లేపే వ్యాయామం) ఆపి డాక్టర్‌కి చెప్పాలి.

ఇంటర్నీ_కర్నూలు
రాత్రి 8:31

మేడం, మడమ వెనకది నరం కాదు, టెండన్. మా సార్ వింటే నన్ను కొడతాడు.

ఫార్మకాలజీ_మేడం
రాత్రి 8:33

జనం భాషలో అన్నాను బాబూ. సరే, టెండన్.

మోకాలిచిప్ప
మూడు రోజుల తర్వాత, రాత్రి 9:15

ఆ పెద్దమ్మ మళ్లొచ్చింది. ఈసారి ముందుగాల సంచి ఇప్పించిన. టెల్మా హెచ్ ఉంది, షుగర్‌కు గ్లిమెపిరైడ్ ఉంది. అడుగున కాగితం పొట్లంల కవర్ లేని తెల్లగోలీలు ఆరు. "ఇవేంది అవ్వా" అంటే "మా ఊరి ఆర్ఎంపీ ఇచ్చిండు, నొప్పులకు, నెల నుంచి ఏసుకుంటున్న" అన్నది. పేరు లేదు, ఏం గోలీయో దేవునికెరుక. గనక నేను రాసిచ్చినది గూడ ఏసుకుంటే రెండు నొప్పి గోలీలు అయ్యేటివేమో! ఆపమని నేను చెప్పలే. సార్‌కు చూపించిన, సార్ మెడిసిన్ ఓపీకి పంపిండు, కిడ్నీ కోసం క్రియాటినిన్ పరీక్ష రాసిండ్రు. పొద్దుగాల ఏం తినకుండ గ్లిమెపిరైడ్ ఏసుకుని వచ్చిందంట, అందుకే ఎక్సర్‌సైజ్ మొదలుపెట్టే ముందు బిస్కెట్లు తినిపించిన. సార్ ఏం అనలే. ఏం అనలేదంటే మెచ్చుకున్నట్టే ఆయన లెక్కల.

మందులషాపు_బావ
రాత్రి 9:22

ఆరు గోలీలు కవర్ లేకుండ... గా పొట్లం ఫోటో తీసి పెట్టుకున్నవా?

మోకాలిచిప్ప
రాత్రి 9:24

తీసిన బావా. సార్ ఫైల్‌ల పెట్టుకున్నడు.

మోకాలిచిప్ప
మూడు వారాల తర్వాత, మధ్యాహ్నం 2:40

పరీక్ష అయిపోయింది. ఫస్ట్ పాస్ మెటబాలిజం మీద అయిదు మార్కుల ప్రశ్న వచ్చింది. రెండు పేజీలు రాసిన. అలిపిరి బొమ్మ గూడ గీసిన.

ఫార్మకాలజీ_మేడం
మధ్యాహ్నం 2:51

బొమ్మ గీశావా? దిద్దేవాళ్లు తమిళనాడు వాళ్లయితే ఏం చేస్తావు నాయనా!

ఇంటర్నీ_కర్నూలు
మధ్యాహ్నం 2:52

వాళ్లూ తిరుపతికి వస్తారు కదా మేడం.